గోడలో వైరు పాడైతే: టేపు చుట్టకుండా, కొత్త వైరు లాగి బాగుచేసుకోవడం ఎలా

గోడ లోపల వైరు పాడైతే తెగిన చోట మెలిపెట్టి, టేపు చుట్టి, పైన సిమెంటు పూసేయడం మన దగ్గర మామూలైపోయింది. "ఏం కాదు సామీ, ఇరవై ఏళ్లు చూసుకోనక్కర్లేదు" అని భరోసా కూడా ఇస్తారు. చూసుకోనక్కర్లేదన్నది నిజమే, చూద్దామన్నా కనబడదు కదా. తిరుపతి, చిత్తూరు ఎండలకు మిద్దె మీది గది గోడ మే నెలలో రాత్రయినా చల్లారదు. ఆ వేడికి టేపు జిగురు వదిలేస్తుంది, మెలిపెట్టిన రాగి కాలక్రమంలో వదులవుతుంది, వదులైన చోట ఇంకా వేడి పుడుతుంది. ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తాను పడిపోయే స్విచ్చు) దీన్ని పట్టుకోలేదు. తన గుండా ఎంత కరెంటు పోతోందన్నదే దానికి తెలుస్తుంది. నాలుగడుగుల అవతల గోడలో ఒక జాయింటు మాడుతోందన్న సంగతి దానికి తెలియదు.

అందుకని ఈ పనికి ఒకటే పద్ధతి. పాడైన వైరును ఒక బోర్డు నుంచి ఇంకో బోర్డు దాకా మొత్తం తీసేసి, అదే పైపులో కొత్తది లాగాలి. జాయింటు తప్పనిసరైతే అది మూత తీసి చూసుకోగలిగే బాక్సులోనే ఉండాలి.

పని మొదలుపెట్టే ముందు ఎవరు చేయాలన్నది తేల్చుకోండి. కేంద్ర విద్యుత్ అథారిటీ నిబంధనల ప్రకారం బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు లాంటివి ఉన్నవాటి స్థానంలో మార్చుకోవడం వరకు ఇంట్లోవాళ్లు చేసుకోవచ్చు. వైరింగు మార్పులు, రిపేర్లు లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు చేయించాలి, పర్మిట్ ఉన్న మనిషి చేయాలి. కాబట్టి లోపం ఎక్కడుందో కనుక్కోవడం, సామాను కొనడం, పక్కన నిలబడి పని సరిగ్గా చేయించుకోవడం మీ వంతు. వైరు మీద చేయి వేయడం అతని వంతు. పనంతా తెలిసి ఉంటేనే ఎక్కడ తొందరపడుతున్నాడో మీరు పట్టుకోగలరు.

కరెంటు తీయడం

మెయిన్ ఆఫ్ చేశాం కదా అనుకుంటే సరిపోదు. మన ఇళ్లలో అసలు ప్రమాదం ఇన్వర్టరు. మెయిన్ ఆఫ్ చేయగానే కరెంటు పోయిందనుకుని అది బ్యాటరీ నుంచి లైట్లు, ఫ్యాన్ల లైన్లకు 230 వోల్టులు పంపుతూనే ఉంటుంది. ముందు ఇన్వర్టరు స్విచ్చు ఆఫ్ చేయండి. ఆ తర్వాత దాని నుంచి ఇంట్లోకి వెళ్లే లైనును కూడా విడదీయించండి. కొన్ని మోడళ్లలో ముందున్న స్విచ్చు ఆపినా బైపాస్ దారి మిగిలే ఉంటుంది. మిద్దె మీద సోలార్ ఉంటే దాని స్విచ్చులు కూడా ఆపాలి. గ్రిడ్‌కు కలిపిన సోలార్ ఇన్వర్టరు, కరెంటు పోగానే తనంతట తాను ఆగుతుంది. పగటిపూట పలకల నుంచి కిందికి దిగే వైర్లలో మాత్రం కరెంటు ఉండనే ఉంటుంది.

త్రీఫేజ్ కనెక్షన్ ఉన్న ఇంట్లో ఒకే గదిలో రెండు వేర్వేరు ఫేజులు ఉండొచ్చు. వాటి మధ్య దాదాపు 400 వోల్టులు ఉంటాయి. కాబట్టి ఒక్క ఎంసీబీ దించి పని చేయించకండి, మొత్తం ఆపండి. మెయిన్ స్విచ్చు మీద "పని జరుగుతోంది, వేయొద్దు" అని కాగితం అంటించి ఇంట్లో అందరికీ చెప్పండి. పక్కింటి పెద్దమ్మ సీరియల్ టైముకి వచ్చి వేసేయకుండా ఉండాలంటే మెయిన్ ఉన్న పెట్టెకు తాళం వేయడం ఇంకా మంచిది.

మీటరు నుంచి మెయిన్ స్విచ్చు దాకా ఉన్న వైరు మాత్రం మీరు ఏం ఆపినా బతికే ఉంటుంది. దెబ్బ ఆ ముక్కకే తగిలితే ఎవరూ ముట్టుకోకూడదు, మీటరు సీలు తీయకూడదు. 1912కు ఫోన్ చేయండి. తిరుపతి కేంద్రంగా ఉన్న ఏపీఎస్పీడీసీఎల్ సిబ్బందే వచ్చి స్తంభం దగ్గర లైను తీయాలి.

ఆపాక పరీక్షించాలి. టెస్టరు వెలగలేదు కాబట్టి కరెంటు లేదు అనుకోకండి. టెస్టరు పాడైనా వెలగదు, పొడి చెక్క స్టూలు మీద నిలబడినా సరిగ్గా వెలగకపోవచ్చు. మల్టీమీటరుతో చూడాలి. ముందు కరెంటు ఉన్న చోట పెట్టి మీటరు పనిచేస్తోందని తేల్చుకోవాలి. తర్వాత పని చేయాల్సిన బోర్డులో ఫేజ్‌కు (కరెంటు తెచ్చే వైరు) న్యూట్రల్‌కు (తిరిగి వెళ్లే వైరు) మధ్య, ఫేజ్‌కు ఎర్త్‌కు మధ్య, న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్య చూడాలి. చివరగా మళ్లీ కరెంటు ఉన్న చోట ఒకసారి. ఇంట్లో అంతా ఆపేసి ఉంటారు కాబట్టి మొదటి, చివరి పరీక్షకు పక్కింటి ప్లగ్గు వాడుకోవచ్చు.

లోపం ఏ రకందో కనుక్కోవడం

గోడలో వైరు దానంతట అది పాడవడం తక్కువ. టీవీ బ్రాకెట్‌కో, కర్టెన్ రాడ్డుకో డ్రిల్లు వేస్తే తగులుతుంది. శ్రీవారి పటానికి కొట్టిన మేకు దిగుతుంది. ఎలుక కొరుకుతుంది. నీళ్లు దిగుతాయి. లేదంటే మోయాల్సినదానికన్నా ఎక్కువ మోసి మాడుతుంది. తిరుపతి ఇళ్లకు ఈ చివరిది బాగా తెలుసు. దర్శనానికని చుట్టాలు దిగిన రోజు తెల్లవారుజామున 2 కిలోవాట్ల గీజరు, అంతే ఇండక్షన్ పొయ్యి, పైన ఇస్త్రీపెట్టె ఒకే ప్లగ్గు లైను మీద పడతాయి. మొదటి రెండూ కలిస్తేనే 17 ఆంపియర్లు దాటుతుంది. 16 ఆంపియర్ల ఎంసీబీ అంత చిన్న తేడాకు వెంటనే పడదు, గంటసేపు కూడా ఓర్చుకోగలదు. ఆ గంటలో వేడెక్కేది గోడలోని వైరు, బోర్డులోని స్క్రూలు.

మేకు కొట్టగానే కరెంటు పోతే ఆ మేకును అప్పుడే పీకకండి. అది ఫేజ్‌ను తాకి ఉంటే మేకుకే కరెంటు ఉంటుంది. పైన చెప్పినట్టు అంతా ఆపాకే తీయాలి.

గుర్తులు ఇలా చదవండి. ప్లగ్గులన్నీ పీకేసినా ఎంసీబీ వేయగానే టప్పున పడిపోతే ఫేజ్ న్యూట్రల్‌నో ఎర్త్‌నో నేరుగా తాకుతోంది. ఆర్‌సీసీబీ, అంటే కరెంటు బయటికి కారితే లైను తెంచే స్విచ్చు, పడుతుంటే కరెంటు కారుతోంది, తడి గోడల్లో ఎక్కువగా ఇదే. ఎంసీబీలన్నీ దించినా ఆర్‌సీసీబీ నిలవకపోతే న్యూట్రల్‌ను అనుమానించండి. చాలా ఇళ్లలో ఎంసీబీ ఫేజ్‌ను మాత్రమే విడదీస్తుంది. న్యూట్రల్ వైరు ఒలిచిపోయి ఎర్త్‌ను తాకుతుంటే ఎంసీబీ దించడం వల్ల ఆ తాకిడి పోదు. అప్పుడు మెయిన్ ఆపి, డీబీలోని (ఎంసీబీలు ఉండే పెట్టెలోని) న్యూట్రల్ పట్టీ నుంచి ఒక్కో వైరు విప్పుకుంటూ ఏ లైనుదో తేల్చాలి. ఓపిక కావాల్సిన పని ఇదే. ఇక్కడే కొందరు విసుగొచ్చి "ఆర్‌సీసీబీ పాడైంది, తీసేద్దాం" అంటారు. ఒప్పుకోకండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ప్రాణం కాపాడటానికి పెట్టినది, అది పడుతోందంటే తన పని తాను చేస్తోంది.

ఇంకొకటి, చాలామందిని తికమక పెట్టేది. ప్లగ్గులో ఫ్యానో లైటో ఏదీ పనిచేయదు, టెస్టరు పెడితే రెండు రంధ్రాల్లోనూ వెలుగుతుంది. రెండు ఫేజులు వచ్చాయని కంగారు పడతారు. సాధారణంగా జరిగిందేమిటంటే న్యూట్రల్ తెగింది. ఆన్‌లో ఉన్న ఏదో బల్బు గుండా ఫేజే అటువైపుకు వచ్చి నిలబడింది. ఆ లైను మీద ఉన్నవన్నీ ఆఫ్ చేస్తే రెండో వెలుగు పోతుంది. తెగింది ఆ బోర్డుకూ దానికి ముందున్న బోర్డుకూ మధ్య.

లైను తేలాక దాని రెండు చివర్లూ విప్పించి, ఇన్సులేషన్ టెస్టరుతో 500 వోల్టుల దగ్గర కొలిపించండి. మనవాళ్లు దాన్ని మెగ్గర్ అంటారు. బల్బులు, రెగ్యులేటర్లు, ఇన్వర్టరు, సర్జ్ ప్రొటెక్టరు ఏవీ ఆ లైనుకు తగిలి ఉండకూడదు, ఉంటే ఆ పరీక్షకే పాడవుతాయి. కనీసం 1 మెగాఓమ్ రావాలి. మంచి వైరుకు అంతకన్నా ఎన్నో రెట్లు వస్తుంది. ఎలక్ట్రీషియన్ దగ్గర మెగ్గర్ లేకపోతే ఇంకొకరిని పిలవడమే మేలు. మల్టీమీటరు 9 వోల్టుల బ్యాటరీతో చూసి బాగుందన్న వైరు 230 వోల్టుల దగ్గర కారొచ్చు.

పైపు దారి

స్విచ్ బోర్డు నుంచి పైపు సాధారణంగా నిటారుగా పైకి వెళ్లి శ్లాబులో కలుస్తుంది. ప్లగ్గు బోర్డుకు పక్కనున్న బోర్డు నుంచి అదే ఎత్తులో అడ్డంగా రావచ్చు, నేల దగ్గర నుంచి పైకి రావచ్చు. కాబట్టి బోర్డుకు నేరుగా పైన, కింద, పక్కన డ్రిల్లు వేసిన రంధ్రం ఏదైనా ఉంటే ముందు దాన్నే అనుమానించండి. పాత మిద్దె ఇళ్లలో, అంటే దూలాల మీద కట్టినవాటిలో, గోడలో పైపే ఉండకపోవచ్చు. చెక్క పట్టీ మీద వైరు పోయి, తర్వాత ఎవరో దానిమీదే పూత వేసి ఉంటారు. అలాంటి వైరును లాగే ప్రయత్నం చేయకండి. పాతదాన్ని రెండు చివర్లా విడదీసి వదిలేసి, గోడ మీద కేసింగ్ పట్టీలో కొత్త లైను వేయించుకోండి. చూడ్డానికి కాస్త బాగుండదు, కానీ గోడ పగలదు, రేపు ఏదైనా అయితే మూత తీస్తే కనబడుతుంది.

వైరు కొనేటప్పుడు

లైట్లు, ఫ్యాన్లకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, దానికి 6 లేదా 10 ఆంపియర్ల ఎంసీబీ. పవర్ ప్లగ్గుకు 2.5, దానికి 16 ఆంపియర్లు. ఏసీకి, గీజరుకు విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల లైను. దుకాణంలో "త్రీ బై ట్వంటీ ఇవ్వమంటారా" అని పాత గేజి లెక్కలో అడిగితే అది దాదాపు 2 చదరపు మిల్లీమీటర్లకు వస్తుంది, పవర్ ప్లగ్గుకు తీసుకోకండి. ఐఎస్ 694 నంబరుతో ఐఎస్ఐ గుర్తు వైరు మీదే అచ్చు వేసి ఉంటుంది, చుట్ట విప్పించి చూడండి. ఫేజ్‌కు ఎరుపు, పసుపు, నీలాల్లో ఒకటి, న్యూట్రల్‌కు నలుపు, ఎర్త్‌కు ఆకుపచ్చ. మిగిలిన ముక్క ఏ రంగుదైతే అది వాడేస్తానంటే వద్దనండి. మీ ఇంట్లో పాతది అల్యూమినియం వైరైతే దానికి రాగిని నేరుగా మెలిపెట్టకూడదు. రెండు లోహాలు తగిలిన చోట తుప్పులాంటి పొర కట్టి, జాయింటు వేడెక్కుతుంది. ఆ లైను డీబీ దాకా రాగిలోకి మార్చేయడమే సరైన పని.

తీయడం, లాగడం

బోర్డు విప్పగానే ఏ వైరు ఎక్కడుందో ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ప్రతి వైరుకూ కాగితపు టేపు ముక్క అంటించి దేనిదో రాయండి. పది నిమిషాల పనే, కానీ మళ్లీ బిగించేటప్పుడు టెన్షన్ ఉండదు.

ఇప్పుడు పాత వైరు చివరకు కొత్తది కట్టి లాగేయాలని అందరికీ అనిపిస్తుంది. వైరు మాడినది, ఎలుక కొరికినది, డ్రిల్లు తగిలినది అయితే లాగుతుండగా అది సగంలో తెగొచ్చు. తెగిందంటే పైపులో దారి చూపే తాడు పోయినట్టే. అందుకని ముందు పాత వైరు పక్కనుంచే లాగుడు స్ప్రింగు (పైపులో దూర్చి వైరు లాగే పొడవాటి తీగ) తోయండి. అది రెండో బోర్డులో తేలాక పాత వైర్లు తీసేసి, స్ప్రింగుకు కొత్తవి కట్టండి. ఆ పైపులో వేరే లైన్ల వైర్లు కూడా ఉంటే నెమ్మదిగా లాగాలి. విసురుగా లాగితే రాపిడికి పక్క వైరు తోలు లేస్తుంది, ఒకటి బాగుచేయబోయి రెండు పాడవుతాయి.

ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ మూడూ ఒకేసారి పోవాలి. మూడింటి చివర్లూ రెండేసి అంగుళాలు ఒలిచి స్ప్రింగు కొక్కేనికి ఒకే చోట కాకుండా కొంచెం వెనకా ముందుగా మెలిపెట్టి, ముద్దలా కాకుండా సన్నగా టేపు చుట్టాలి. లావైతే బెండు దగ్గర ఇరుక్కుంటుంది. ఒకరు ఇటునుంచి వైర్లను మెలిక పడకుండా తోస్తుండాలి, ఇంకొకరు అటునుంచి లాగాలి. గట్టిగా ఉంటే వైరుకు ముఖానికి రాసే పౌడరు రాయండి. సబ్బునీళ్లు, కొబ్బరినూనె వద్దు. ప్రతి బోర్డు దగ్గరా అర అడుగు వైరు మిగలాలి, కురచగా కోసేస్తే ఇంకోసారి స్విచ్చు మార్చాల్సి వచ్చినప్పుడు అందదు.

వైర్లు కిక్కిరిసిన పైపులో ఇంకో మూడు దూర్చకండి. లోపల సగానికి పైగా ఖాళీ ఉంటేనే వేడి బయటికి పోతుంది.

గోడ తెరవాల్సి వస్తే

డ్రిల్లు తగిలిన చోట తెరవక తప్పదు. పైపుకు పడిన రంధ్రం లోపలి అంచు కత్తిలా ఉంటుంది, దాని మీదుగా లాగిన కొత్త వైరు గీసుకుపోతుంది. రంధ్రానికి అటు జానెడు ఇటు జానెడు చాలు. ఇంటి కరెంటు మొత్తం ఆపి ఉన్నప్పుడు కటింగ్ మిషన్ ఎలా తిరుగుతుందన్నది ఎవరూ ముందుగా ఆలోచించరు. పక్కింటి నుంచి ఎక్స్‌టెన్షన్ తెచ్చుకోండి, లేకపోతే ఉలి, సుత్తి. ఇంత చిన్న గాడికి ఉలే నయం, లోపలి పైపు ఇంకోచోట కోసుకుపోదు. కళ్లద్దాలు పెట్టుకోమనండి. స్తంభాన్ని, బీమును చెక్కనివ్వకండి. నాలుగున్నర అంగుళాల గోడకు అడ్డంగా పొడుగు గాడి కొట్టించకండి, గోడ బలం పోతుంది.

గోడలో బిగుసుకున్న పైపుకు మధ్యలో కొత్త ముక్క దూర్చి రెండువైపులా కప్లర్ (పైపులను కలిపే ముక్క) వేయడం కష్టం. పాడైన ముక్క కోసేసి, అక్కడ ఒక జంక్షన్ బాక్సు పెట్టి, రెండు చివర్లూ అందులోకి దింపండి. వైరు అందులోంచి తెగకుండా నేరుగా పోనివ్వండి. బాక్సు మూత గోడకు సమంగా కనబడాలి, దానిమీద లప్పం పెట్టేయకూడదు. టీవీ వెనకైతే ఎలాగూ కనబడదు. బ్రాకెట్‌ను మాత్రం జానెడు పక్కకు జరపండి.

స్ప్రింగు ఎటూ పోకుండా శ్లాబులో పైపే మూసుకుపోయి ఉంటే, శ్లాబు పగలగొట్టొద్దు. కేసింగ్ పట్టీలో కొత్త దారి వేయడమే. వైరు పొడవు చాలక ఎక్కడైనా కలపాల్సి వస్తే బాక్సులో, స్క్రూ కనెక్టరుతోనో లీవరు ఉండే కనెక్టరుతోనో కలపాలి, రెండు వైపులా ఒకే సైజు వైరుతో.

నీళ్లు దిగిన గోడ సంగతి వేరు. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తాయి. 2021 నవంబరులో తిరుపతి లోతట్టు వీధుల్లో ఇళ్లలోకే నీళ్లొచ్చి కింది ప్లగ్గులు మునిగాయి. అలా మునిగిన స్విచ్చులు, ప్లగ్గులు, ఎంసీబీలు ఆరబెట్టి వాడకండి, మార్చేయండి. పైపులో నీళ్లు నిలిచి ఉంటాయి కాబట్టి వైర్లు తీసి, పైపు ఆరాకే కొత్తవి లాగాలి. మిద్దె మీది పగులు, బాత్‌రూం లీకు బాగుచేయకుండా వైరు మార్చితే డబ్బు దండగ. గోడకు చేయి పెడితే జిల్లుమంటుంటే ఆ గది లైను వెంటనే ఆపేయండి, ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా వేయకండి. ఎవరికైనా షాక్ కొట్టి పట్టేసుకుంటే ముట్టుకోకుండా ముందు మెయిన్, ఇన్వర్టరు రెండూ ఆపి, 108కి ఫోన్ చేయాలి.

పూత వేసే ముందు

గాడి తెరిచి ఉండగానే మళ్లీ మెగ్గర్ పెట్టించండి. తర్వాత బోర్డులు బిగించి, కరెంటు వేసి, ప్లగ్గులో కొలవండి. ఫేజ్‌కు న్యూట్రల్‌కు 230 వోల్టుల దగ్గర్లో, ఫేజ్‌కు ఎర్త్‌కు దాదాపు అంతే, న్యూట్రల్‌కు ఎర్త్‌కు కొద్ది వోల్టులు మాత్రమే రావాలి. ఫేజ్‌కు ఎర్త్‌కు మధ్య ఏమీ రాకపోతే ఎర్త్ వైరు ఎక్కడో అందలేదు. స్విచ్చు ఫేజ్ మీదే తెగాలి. ఆఫ్ చేశాక హోల్డరులో టెస్టరు వెలిగితే ఫేజ్, న్యూట్రల్ తారుమారయ్యాయి. ఆర్‌సీసీబీ మీదున్న టెస్ట్ బటన్ నొక్కితే వెంటనే పడాలి. చివరగా గీజరో ఇస్త్రీపెట్టో అరగంట నడిపి, ఆఫ్ చేసి, ప్లగ్గు పిన్నులు ముట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు, చేయి పెట్టలేనంత వేడి అయితే లోపల స్క్రూ వదులుగా ఉంది.

మూసేముందు గోడకు టేపు పట్టి, నేల నుంచి ఎంత ఎత్తులో, మూల నుంచి ఎంత దూరంలో పైపు పోతోందో కనబడేలా ఫొటో తీయండి. తర్వాత గాడిలో దుమ్ము ఊడ్చి, నీళ్లు చిలకరించి, ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్ల ఇసుకతో పూయించండి. గాడి వెడల్పుగా ఉంటే సన్నని ఇనుప జాలీ ముక్క పెడితే పగులు రాదు. వారం రోజులు తడపాలి, తడిపే సమయంలో ఆ లైను ఎంసీబీ దించి ఉంచండి. పూర్తిగా ఆరాకే లప్పం, ఆ తర్వాత రంగు.

ఫొటో ఫోన్లోనే ఉంటే ఫోన్ మారినప్పుడు పోతుంది. ఒక ప్రింటు తీసి డీబీ తలుపు లోపలివైపు అంటించండి. అద్దె ఇల్లయితే ఒకటి ఇంటి ఓనరుకు కూడా పంపండి. తర్వాత వచ్చేవాళ్లు టీవీ బిగించేది కూడా ఆ గోడకే.